తెలుగు ఉత్తరం ఈమెయిల్‌లో చెదరకుండా: ఎంజెఎంఎల్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పద్ధతి

అనంతపురంలో ఒక పండ్ల రైతుల సంఘానికి కంప్యూటర్ పని చూస్తాను. ఏ మండలంలో చీనీ (బత్తాయి) కోతకు వచ్చింది, దానిమ్మ ఎక్కడ ఉంది, అరటి, బొప్పాయి ఏ రేటు పలుకుతున్నాయి అనే వివరాలతో సంఘం నుంచి వారం వారం ఒక ఉత్తరం వెళ్తుంది. బెంగళూరు, చెన్నై వ్యాపారులకు ఇంగ్లిష్‌లో పంపుతాం. సభ్యులకూ, బయట ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ ఇక్కడి తోట లెక్కలు చూసుకునే వాళ్ల పిల్లలకూ తెలుగులో పంపుతాం. ఆ తెలుగు ఉత్తరం జీమెయిల్‌లో, ఆఫీసు ఔట్‌లుక్‌లో, ఫోన్‌లో ఎక్కడ తెరిచినా చక్కగా కనబడాలంటే ఏం చేయాలో రాస్తున్నాను. నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రాం) కాస్త తెలిసి, ఈమెయిల్ టెంప్లేట్ల పని కొత్తగా చేతికొచ్చిన వాళ్లను దృష్టిలో పెట్టుకున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈమెయిల్ హెచ్‌టీఎంఎల్‌ను చేత్తో రాయొద్దు. ఈమెయిళ్ల కోసమే చేసిన ఎంజెఎంఎల్ అనే ట్యాగుల భాషలో రాసి, అదే పేరున్న లైబ్రరీతో హెచ్‌టీఎంఎల్‌గా మార్చుకోండి. అయితే ఆ లైబ్రరీ తనంతట తాను వేసే కొలతలు ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేవి. తెలుగుకు కావలసిన కొలతలు మొదటి రోజే, ఒకే చోట, మీరే పెట్టుకోవాలి. ఆ ఒక్క పని చేసుకుంటే మిగతాదంతా సులువు.

చేత్తో ఎందుకు రాయొద్దంటే, మెయిల్ ప్రోగ్రాములు బ్రౌజర్లలాంటివి కావు. విండోస్‌లోని పాత తరహా ఔట్‌లుక్, 2007 వెర్షన్ నుంచి, ఉత్తరాన్ని వర్డ్ ఇంజిన్‌తో గీస్తుంది. ఫ్లెక్స్, గ్రిడ్ లాంటివి దానికి తెలియవు. దాని కోసం టేబుల్ లోపల టేబుల్ పెట్టి, ఔట్‌లుక్ మాత్రమే చదివే షరతు వ్యాఖ్యలు మధ్యమధ్య ఇరికించాలి. రెండు నిలువు వరుసలు పక్కపక్కన పెట్టడానికే పేజీడు కోడ్ అవుతుంది. మెయిల్‌జెట్ అనే ఫ్రెంచ్ ఈమెయిల్ కంపెనీ తన అవసరం కోసం ఎంజెఎంఎల్‌ను తయారుచేసుకుని, 2016లో ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చేసింది. మనం చిన్న చిన్న ట్యాగులు రాస్తే, ఆ టేబుళ్లూ వ్యాఖ్యలూ అన్నీ అదే పుట్టిస్తుంది.

ఒక మాట. ట్యాగులు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ పలికేలా తెలుగులో రాస్తున్నాను. ఫైల్లో అవి ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, ట్యాగులైతే అన్నీ చిన్న అక్షరాలు. బయటి ఎంజెఎంఎల్ ట్యాగు తప్ప మిగతా వాటిలో ఎంజె అన్న రెండు అక్షరాల తర్వాత అడ్డగీత ఉంటుంది.

ఉత్తరం నిర్మాణం

అన్నిటికీ బయట ఎంజెఎంఎల్ ట్యాగు. దానికి లాంగ్ అనే గుణం (యాట్రిబ్యూట్) ఇచ్చి విలువగా తెలుగు కోడ్ టీఈ పెట్టండి. చూపు లేని వాళ్ల కోసం ఉత్తరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బట్టే తెలుగు గొంతు ఎంచుకుంటుంది. లోపల ఎంజె-హెడ్, ఎంజె-బాడీ. బాడీ వెడల్పు మీరేమీ చెప్పకపోతే 600 పిక్సెళ్లు, అది అలాగే ఉండనివ్వండి. బాడీలో అడ్డంగా ఒక్కో పట్టీకి ఒక ఎంజె-సెక్షన్, దానిలో నిలువుగా ఎంజె-కాలమ్‌లు, కాలమ్ లోపల రాతకు ఎంజె-టెక్స్ట్, బొమ్మకు ఎంజె-ఇమేజ్, బటన్‌కు ఎంజె-బటన్, పట్టికకు ఎంజె-టేబుల్. రాత నేరుగా సెక్షన్‌లో పెట్టకూడదు, కాలమ్ మధ్యలో ఉండాల్సిందే.

ఒక సెక్షన్‌లో రెండు కాలమ్‌లు పెడితే వెడల్పు సగం సగం పంచుకుంటాయి. స్క్రీన్ 480 పిక్సెళ్ల కంటే చిన్నదైతే ఒకదాని కింద ఒకటి చేరతాయి. చీనీ ఫొటో ఎడమవైపు, వివరాలు కుడివైపు పెట్టామనుకోండి, ఫోన్‌లో ఫొటో పైకి, వివరాలు కిందికి వస్తాయి. మనకు కావలసిందీ అదే. ఫోన్‌లో కూడా పక్కపక్కనే ఉండాలనుకున్న వాటిని ఎంజె-గ్రూప్‌లో చుట్టండి.

తెలుగు కొలతలు

ఈ భాగం నిదానంగా చదవండి. తెలుగులో పంపే వాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే.

ఎంజె-టెక్స్ట్‌కు మీరేమీ చెప్పకపోతే అక్షరం సైజు 13 పిక్సెళ్లు, వరుస ఎత్తు 1. అంటే అక్షరం ఎంత ఎత్తో వరుస కూడా అంతే. ఇంగ్లిష్‌కే అది ఇరుకు, తెలుగుకు అసలు చాలదు. మన అక్షరం పైకి గుడి, ఏత్వంతో, కిందికి ఒత్తుతో పెరుగుతుంది. ‘కళ్యాణదుర్గం’ పై వరుసలో ఉండి, సరిగ్గా దాని కింద ‘తాడిపత్రి’ వచ్చిందనుకోండి. పై మాటలో ర కింద ఉన్న గ ఒత్తు దిగి వచ్చి కింది మాటలోని గుడి మీద కూర్చుంటుంది. మా సంఘంలో నార్పల వైపు పెద్దాయన ఒకరు, వేరే ఎవరో పంపిన తెలుగు మెయిల్‌ను ఫోన్‌లో నాకు చూపించి, ‘ఏమ్మా, అక్షరాలు ఒకదాని మింద ఒకటి ఎక్కినాయే, కండ్లద్దాలు పెట్టుకున్నా చదివేకి కావడం లేదు’ అన్నారు. ఆయన మెయిల్ తెరిచేది రేటు చూసుకోవడానికి. రేటు చదవలేకపోతే ఆ ఉత్తరం పంపి ప్రయోజనం లేదు.

అందుకే ఎంజె-హెడ్‌లో ఎంజె-యాట్రిబ్యూట్స్ అనే ట్యాగు తెరవండి. అందులో రాసిన విలువలు ఉత్తరమంతటికీ వర్తిస్తాయి. ఎంజె-టెక్స్ట్‌కు సైజు 16 పిక్సెళ్లు, వరుస ఎత్తు 28 పిక్సెళ్లు ఇవ్వండి. ఎంజె-టేబుల్‌కు, ఎంజె-బటన్‌కు విడివిడిగా ఇవే ఇవ్వండి, ఎందుకంటే వాటి సొంత కొలతలు వేరు. శీర్షికలు 24 సైజులో పెడితే వరుస ఎత్తు 38 దాకా ఉండాలి. శీర్షిక కోసం ఎంజె-క్లాస్ ఒకటి చేసుకుని, కావలసిన చోట ఆ పేరు పిలవండి. అన్ని ట్యాగులకూ ఒకేసారి వర్తించే ఎంజె-ఆల్ కూడా ఉంది. నేను దాన్ని ఫాంట్ ఒక్కదానికే వాడతాను. వరుస ఎత్తు అందులో పెడితే అక్కర్లేని ట్యాగులకూ అంటుకుంటుంది.

ఫాంట్ సంగతి. లైబ్రరీ తనంతట తాను వేసేది ఉబుంటు, హెల్వెటికా, ఏరియల్ వరుస. వాటిలో ఏదీ తెలుగు కోసం చేసింది కాదు, కాబట్టి తెలుగు ఏ ఫాంట్‌లో పడుతుందో ఆయా ఫోన్, కంప్యూటర్ ఇష్టం. మనమే వరుస చెప్పేద్దాం: మొదట ఆండ్రాయిడ్‌లో ఉండే నోటో సాన్స్ తెలుగు, తర్వాత విండోస్ కోసం నిర్మలా యూఐ, ఆపిల్ కోసం కోహినూర్ తెలుగు, పాత విండోస్ కోసం గౌతమి, చివర సాన్స్-సెరిఫ్. గుణం విలువకు బయట జంట కోట్లు ఉంటాయి కాబట్టి ఫాంట్ పేర్లకు లోపల ఒంటి కోట్లు పెట్టాలి. ఇంటర్నెట్ నుంచి ఫాంట్ తెప్పించే ఎంజె-ఫాంట్ ట్యాగు ఉంది గానీ, ఆపిల్ మెయిల్ లాంటివే దాన్ని గౌరవిస్తాయి, జీమెయిల్ పట్టించుకోదు. దాని మీద ఆధారపడి డిజైన్ చేయకండి.

అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్‌ను తెలుగుకు ఎప్పుడూ వాడొద్దు. కొన్ని చోట్ల ఒత్తులు విడిపోతాయి.

ఇంకొకటి, మన ఊళ్లలో తరచూ ఎదురయ్యేది. కరపత్రానికి డీటీపీ షాపులో కొట్టించిన మ్యాటరే మెయిల్‌లోనూ వేయమని ఇస్తారు. అది చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుంది, యూనికోడ్ కాదు. మెయిల్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి, అప్పుడే టెంప్లేట్‌లో పెట్టండి. మార్చే పనిముట్లు ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తడబడతాయి, రేట్ల పట్టికలో అంకె మారితే గొడవలవుతాయి. ఈ బాధంతా ఎందుకని కరపత్రాన్నే బొమ్మగా పంపేవాళ్లున్నారు. అది అస్సలు వద్దు. ఔట్‌లుక్ బయటి నుంచి వచ్చే బొమ్మలను మొదట చూపించదు. చదవాల్సినాయనకు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. రాత రాతగానే ఉండాలి. ఫొటోలకు కూడా ఆల్ట్ గుణంలో ‘కోతకు సిద్ధంగా ఉన్న చీనీ తోట’ అని రెండు మాటలు రాయండి, బొమ్మ రాకపోయినా అవి కనబడతాయి.

మార్చే కోడ్

ప్రాజెక్టు ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఎంజెఎంఎల్ అని కొట్టండి. వెర్షన్ నమోదయ్యే లాక్ ఫైల్‌ను గిట్‌లో ఉంచండి, లేకపోతే ఇంకో కంప్యూటర్లో వేరే వెర్షన్ దిగి ఉత్తరం రూపు మారవచ్చు. టెంప్లేట్లకు ఒక ఫోల్డర్, మార్చిన హెచ్‌టీఎంఎల్‌కు వేరే ఫోల్డర్ పెట్టుకోండి.

ఇప్పుడు బిల్డ్ అనే పేరుతో ఒక జావాస్క్రిప్ట్ ఫైల్. మొదట ఫైళ్లు చదివి రాసే ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌నూ, ఎంజెఎంఎల్ లైబ్రరీనీ తెచ్చుకోండి. లైబ్రరీ ఇచ్చేది ఒక ఫంక్షన్, దానికి ఎంజెఎంఎల్-టు-హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. టెంప్లేట్ ఫైల్‌ను రీడ్‌ఫైల్‌సింక్‌తో చదవండి, రెండో విలువగా యూటీఎఫ్-8 అని తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే వచ్చేది అక్షరాలు కాదు, ముడి బైట్లు. ఆ పాఠాన్ని ఫంక్షన్‌కు అందిస్తే ఒక ఆబ్జెక్ట్ తిరిగొస్తుంది. అందులో హెచ్‌టీఎంఎల్ అనే భాగం మనకు కావలసిన ఉత్తరం, ఎర్రర్స్ అనే భాగం తప్పుల జాబితా. ఫంక్షన్‌ను పిలిచే చోట ముందు అవెయిట్ పెట్టండి. ఫలితం వెంటనే ఇచ్చే వెర్షన్‌లో దానివల్ల నష్టమేమీ లేదు, ప్రామిస్ ఇచ్చే వెర్షన్ వచ్చినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

ఫంక్షన్‌కు రెండో విలువగా కొన్ని ఐచ్ఛికాలు ఇవ్వవచ్చు. ముఖ్యమైనది వాలిడేషన్‌లెవెల్. దీనికి మూడు విలువలున్నాయి. స్కిప్ అంటే తప్పులు చూడదు. సాఫ్ట్ అంటే తప్పులున్నా ఉత్తరం తయారుచేసి, తప్పులను జాబితాలో పెడుతుంది. మీరేమీ చెప్పకపోతే ఇదే. స్ట్రిక్ట్ అంటే తప్పు కనబడగానే ఆగిపోతుంది. బిల్డ్‌లో స్ట్రిక్టే పెట్టండి. సాఫ్ట్‌లో ఉన్నప్పుడు గుణం పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఉత్తరం వెళ్లిపోతుంది, ఆ రంగో కొలతో మాత్రం పడదు, జాబితా చదివితే తప్ప మీకు తెలియదు. జాబితాలో ప్రతి తప్పుకూ వరుస సంఖ్య, ట్యాగు పేరు, కారణం ఉంటాయి.

రెండోది ఫైల్‌పాత్. సంఘం పేరు, లోగో ఉన్న పైభాగం, చిరునామా ఉన్న కిందిభాగం అన్ని ఉత్తరాలకూ ఒకటే కాబట్టి వాటిని వేరే ఫైళ్లలో పెట్టి ఎంజె-ఇంక్లూడ్‌తో కలుపుకుంటాం. ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో లైబ్రరీకి తెలియాలంటే అసలు టెంప్లేట్ ఎక్కడుందో ఫైల్‌పాత్‌లో చెప్పాలి. తెలుగు కొలతల ఎంజె-యాట్రిబ్యూట్స్‌ను కూడా ఇలాగే ఒక ఫైల్లో పెట్టేస్తే, ఇంగ్లిష్ ఉత్తరానికి వేరే కొలతలు, తెలుగుకు వేరే కొలతలు, మార్చాల్సింది ఒక వరుసే.

చివర వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను రైట్‌ఫైల్‌సింక్‌తో రెండో ఫోల్డర్లో రాసేయండి. కోడ్ ఇంతే, పదిహేను వరుసలు దాటదు.

పేర్లు, రేట్లు నింపడం

మారే వివరాలను టెంప్లేట్‌లో జంట మీసాల బ్రాకెట్ల మధ్య పేరుగా రాయండి. ఎంజెఎంఎల్ వాటిని ముట్టుకోదు, ఉన్నవి ఉన్నట్టే హెచ్‌టీఎంఎల్‌లోకి వస్తాయి. పంపేటప్పుడు హ్యాండిల్‌బార్స్ అనే టెంప్లేట్ లైబ్రరీతో నింపండి. ఈ వరుస మార్చకండి: ఎంజెఎంఎల్ మార్పు టెంప్లేట్ మారినప్పుడు ఒక్కసారి, నింపడం మనిషికొక్కసారి. ప్రతి సభ్యుడికీ మళ్లీ మొదటి నుంచి ఎంజెఎంఎల్ మార్పించడం సర్వర్‌కు అనవసర భారం. పైగా ఎవరి పేరులోనో, చిరునామాలోనో పడిన ఒక గుర్తు వల్ల స్ట్రిక్ట్ తనిఖీ పంపే సమయంలో ఆగిపోవచ్చు.

రేట్ల పట్టికకు ఎంజె-టేబుల్. దాని లోపల మామూలు హెచ్‌టీఎంఎల్ వరుసలు, గడులు రాస్తాం. లైబ్రరీ ఆ లోపలి భాగాన్ని విప్పి చూడదు కాబట్టి హ్యాండిల్‌బార్స్ లూపును నేరుగా అక్కడే పెట్టుకోవచ్చు. సెక్షన్లనే మళ్లీ మళ్లీ రప్పించాలంటే మాత్రం లూపు మొదలు, చివర వరుసలను ఎంజె-రా ట్యాగులో చుట్టాలి. గడుల అంచులు, ఎడాలు ప్రతి గడికీ రాయకుండా ఎంజె-స్టైల్‌లో ఒకసారి రాసి, దానికి ఇన్‌లైన్ అనే గుణం ఇవ్వండి. లైబ్రరీ వాటిని గడిగడికీ పంచిపెడుతుంది.

పట్టికలో మూడు నిలువు వరుసలకు మించొద్దు. మండలం, పంట, టన్ను రేటు. తెలుగు ఊరి పేర్లు పొడుగు, ఫోన్‌లో నాలుగో గడి వచ్చేసరికి అంకెలు రెండు ముక్కలవుతాయి. ఫోన్ నంబరు, గ్రేడు లాంటివి పట్టిక కింద వేరే వరుసగా పెట్టడం నయం. రేటు గడిని కుడివైపుకు జరపండి, పైనుంచి కిందికి చూపు పోనిస్తే తేడా తెలుస్తుంది.

హ్యాండిల్‌బార్స్‌లో జంట బ్రాకెట్లు ప్రమాదకరమైన గుర్తులను మార్చి పెడతాయి, మూడు బ్రాకెట్లు మార్చవు. రైతులు ఫారంలో నింపిన వివరాలకు ఎప్పుడూ రెండే వాడండి.

102 కిలోబైట్లు

ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, మొత్తం చూడాలంటే నొక్కమని ఒక లింకు పెడుతుంది. కింద ఉన్న పట్టికా, ‘ఇక పంపొద్దు’ అనే లింకూ అటే పోతాయి. తెలుగులో రాసేవాళ్లం ఈ హద్దుకు తొందరగా చేరుకుంటాం. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో గుర్తు 3 బైట్లు. గుడి ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు. తాడిపత్రి అని ఇంగ్లిష్‌లో రాస్తే 9 అక్షరాలు, 9 బైట్లు. తెలుగులో కూడా 9 గుర్తులే, కానీ 27 బైట్లు. కొన్ని పనిముట్లు తెలుగును సంఖ్యల ఎంటిటీలుగా మార్చేస్తాయి, అప్పుడు ఒక్కో గుర్తుకు 7 అక్షరాలై అదే మాట 63 బైట్లవుతుంది. మార్చిన ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి చూడండి. తెలుగు తెలుగుగా కనబడితే సరే, అంకెల గుంపులు కనబడితే మధ్యలో ఏ పనిముట్టు ఆ పని చేస్తోందో వెతికి ఆపండి.

బిల్డ్ ఫైల్ చివర బఫర్ బైట్‌లెంగ్త్‌తో సైజు లెక్కించి, 80 కిలోబైట్లు దాటితే హెచ్చరించేలా ఒక వరుస రాసుకోండి. పట్టిక నిండాక పెరిగే భాగానికి ఆ మిగులు కావాలి. అక్షరాల సంఖ్య చెప్పే లెంగ్త్ ఇక్కడ పనికిరాదు, అది బైట్లు చెప్పదు. సైజు తగ్గించడానికి ఖాళీలు తీసేసే పనిముట్టు వాడితే, వ్యాఖ్యలన్నీ తుడిచేసేదాన్ని వాడొద్దు. ఔట్‌లుక్ కోసం లైబ్రరీ పెట్టిన ఏర్పాటంతా ఆ షరతు వ్యాఖ్యల్లోనే ఉంది, అవి పోతే పక్కపక్కన ఉండాల్సిన కాలమ్‌లు ఔట్‌లుక్‌లో చెల్లాచెదురవుతాయి.

పంపే ముందు

ఎంజె-హెడ్‌లో ఎంజె-ప్రివ్యూ పెట్టి ఒక చిన్న వాక్యం రాయండి. ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కన లేతగా కనబడేది అదే. ‘ఈ వారం చీనీ, దానిమ్మ రేట్లు మండలాల వారీగా’ అంటే చాలు, తెరవాలా వద్దా అనేది వాళ్లు తేల్చుకుంటారు. అది లేకపోతే లోగో కింద ఏ మాట ఉంటే ఆ మాట వస్తుంది.

నోడ్ నుంచి మెయిల్ పంపే లైబ్రరీ నోడ్‌మెయిలర్‌తో పంపేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌తో పాటు టెక్స్ట్ భాగం కూడా ఇవ్వండి, అందులో అదే విషయం సాదా తెలుగులో. తెలుగు సబ్జెక్ట్‌ను మెయిల్ పద్ధతికి తగ్గట్టు మార్చుకోవడం అది చూసుకుంటుంది, మీరు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు.

పరీక్షకు డబ్బు పెట్టి కొనే సేవలున్నాయి, చిన్న సంఘానికి అవసరం లేదు. ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీమెయిల్, ఒక ఐఫోన్, ఆఫీసులో ఎవరి దగ్గరైనా ఉన్న విండోస్ ఔట్‌లుక్, ఈ మూడింటికి పంపి చూడండి. బ్రౌజర్లో తెరిచి చూసి సరిపోయిందనుకోకండి. పరీక్ష ఉత్తరంలో ఒత్తులు ఎక్కువున్న ఊరి పేర్లే పెట్టండి: కళ్యాణదుర్గం, తాడిపత్రి, ఎల్లనూరు, పుట్లూరు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట కూడా ఒకటి పెట్టి, ట కింద వ ఒత్తు వచ్చిందేమో చూడండి. వస్తే అక్షరాలను విడదీసే కనబడని గుర్తును దారిలో ఏదో తుడిచేసిందని అర్థం.

మీ సర్వర్ జాంగో అయినా, పీహెచ్‌పీ అయినా ఈ పద్ధతే నడుస్తుంది. నోడ్ మీ కంప్యూటర్లో బిల్డ్ వరకు ఉంటే చాలు. తయారైన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను సర్వర్‌లో పెట్టి, అక్కడి టెంప్లేట్ భాషతో నింపుకోండి, లూపు రాసే తీరు మాత్రం ఆ భాషది వాడాలి. నోడ్ అసలే వద్దనుకుంటే ఇదే మార్పు చేసే, రస్ట్ భాషలో రాసిన ఎంఆర్ఎంఎల్ ఉంది, దానికి పైథాన్ ప్యాకేజీ కూడా దొరుకుతుంది. దానికి మారే ముందు మీ టెంప్లేట్‌లోని ఎంజె-ఇంక్లూడ్, ఇన్‌లైన్ ఎంజె-స్టైల్ రెండూ అందులో పనిచేస్తున్నాయో లేదో ఒక ఉత్తరం మార్చి సరిచూసుకోండి.